దుర్భిణికి తూకం

మార్కాపురం బజారువీధిలో మాల్యాద్రి ఆచారి దుకాణమంటే ఒక నులకమంచం పట్టేంత చోటు. తండ్రి నాగలి కర్రులూ, బండిచక్రాల పట్టాలూ చేసి బతికినవాడు. మాల్యాద్రి మాత్రం పద్దెనిమిదో ఏట గుంతకల్లు పోయి, రైలు షెడ్డులో నాలుగేళ్ళు పనిచేసి, అక్కడొక ముసలి ఫిట్టరు దగ్గర గడియారాల పని నేర్చుకుని వచ్చాడు. అప్పట్లో మా ఊరు కర్నూలు జిల్లా కింద ఉండేది. తాలూకా కచేరీ గోడగడియారం, రైలు స్టేషను గడియారం, షావుకార్ల ఇళ్ళలో కొత్తగా దిగిన కుట్టుమిషన్లు, భోషాణాల తాళాలు, ఏది మొరాయించినా ఆయన దగ్గరికే వచ్చేది. ఆడని వస్తువు ఎదురుగా ఉంటే ఆయనకు అన్నం సయించేది కాదు. దాన్ని తిట్టేవాడు, తనను తాను తిట్టుకునేవాడు, అడ్డమొస్తే పెళ్ళాన్ని కూడా తిట్టేవాడు.

నేను ఎరిగేనాటికి ఆయనకు అరవై దాటాయి. ఈ దుర్భిణి సంగతి నాకు చెప్పింది ఆయన భార్య కొండమ్మ. ఆమె చెబుతున్నంతసేపూ ఆయన పక్కనే కూర్చుని ఏదో ఇత్తడి చక్రం తుడుచుకుంటూ ఉన్నాడు.

అది పందొమ్మిదివందల పదో సంవత్సరం. జనవరి చివర్లో కొన్ని సాయంత్రాలు పడమటి ఆకాశంలో ఒక తోకచుక్క కనబడి పోయింది. ఇంతకంటే పేరున్న తోకచుక్క వేసవిలో రాబోతోందని పత్రికలు రాశాయి. సర్వే ఆఫీసులో పాతికేళ్ళు పటాలు గీసి, పింఛను తీసుకుని ఊరు చేరిన కొండలరావు పంతులు ఆ వార్త చదివి ఊరుకోలేకపోయాడు. మద్రాసులో ఎవరో చనిపోయిన దొర సామాను వేలం వేస్తుంటే పోయి, ఒక దుర్భిణి కొనుక్కొచ్చాడు. నాలుగు పెట్టెలు. మార్కాపురం రోడ్డు స్టేషనులో దింపి, గడ్డి పరిచిన ఎద్దుల బండి మీద ఇంటికి తెచ్చాడు. రాబోయే తోకచుక్కను ఫోటో తీసి, కింద 'మార్కాపురం' అని పేరు వేయించి పత్రికకు పంపాలని ఆయన కోరిక.

మార్చి నడుమ ఒకరోజు మాల్యాద్రికి కబురొచ్చింది. వెళ్ళేసరికి కొండలరావు మిద్దె మీద గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇటుకల దిమ్మె మీద ఇనప స్తంభం. స్తంభం తల మీద ఉత్తరాన ధ్రువనక్షత్రం వైపు వాలుగా పెట్టిన ఒక ఇరుసు. దానికి అడ్డంగా ఇంకొక ఇరుసు. ఆ అడ్డ ఇరుసుకు ఒక కొసన దుర్భిణి గొట్టం, రెండో కొసన ఎదురుబరువుగా ఇనప గుండు. స్తంభానికి బిగించిన పెట్టెలో ఒక మర. చావి ఇస్తే స్ప్రింగు విడుచుకుంటూ, గడియారం చిన్నముల్లు నడకలో సగం నడకతో ఆ వాలు ఇరుసును తిప్పుతుంది. చుక్కలు పడమటికి జరిగినంత మేరా గొట్టం కూడా జరగాలి. అప్పుడు గంటసేపు ఫోటో పలక తెరిచి ఉంచినా చుక్క చుక్కలాగే పడుతుంది.

"పది నిమిషాలు నడిచి నిలబడిపోతోంది ఆచారీ. ఫోటోలో చుక్కలన్నీ గీతల్లాగా సాగిపోతున్నాయి. మర చెడింది," అన్నాడు కొండలరావు.

"గడియారమే గదా పంతులుగారూ. రెండు దినాల్లో ఇస్తా."

మరను దుకాణానికి తెచ్చి విప్పాడు. చక్రాలన్నీ కిరసనాయిలులో కడిగి, నూనె పెట్టి, తిరిగి బిగించాడు. బల్ల మీద పెడితే గంటన్నర సేపు తడబడకుండా ఆడింది. సంతోషంగా తీసుకుపోయి స్తంభానికి బిగించాడు. పది నిమిషాలకు ఆగిపోయింది.

మళ్ళీ విప్పాడు. బల్ల మీద ఆడింది. మిద్దె మీద ఆగింది.

స్ప్రింగు బలం చాలడం లేదనుకుని గుంతకల్లు నుంచి గట్టి స్ప్రింగు తెప్పించి వేశాడు. ఈసారి పదకొండో నిమిషంలో లోపల టక్కుమని చప్పుడు వినబడింది. పెద్ద చక్రానికి రెండు పళ్ళు విరిగాయి. ఇత్తడి రేకు కోసి, ఆరు రోజులు కూర్చుని ఆకురాయితో పన్నుకు పన్ను అరగదీసి కొత్త చక్రం చేశాడు. దాన్ని వేస్తే జబ్బు మారింది. గొట్టం స్తంభానికి తూర్పు పక్కన ఉంటే మర ఆగుతోంది. పడమటి పక్కన ఉంటే ఆగడం లేదు కాని, దుర్భిణిలో చుక్క కప్పలా గంతులేస్తోంది. ఒకే మర ఒక పక్క మొండిగా, ఒక పక్క పిచ్చిగా ఎందుకు ఉంటుందో ఆయనకు అంతుపట్టలేదు.

"ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా దాని వంకే చూస్తా కూర్చుండేవాడు. అన్నంలో గూడ చక్రాలే కనబడేటివేమో," అంది కొండమ్మ.

ఉగాది పోయింది. తెల్లవారుజామున తూర్పున తోకచుక్క కనబడటం మొదలైంది. కొండలరావు తీసిన పలకలన్నీ గీతలే. ఆయన సహనం అయిపోయింది.

"స్టేషను గడియారానికి నూనె పెట్టడం వేరు ఆచారీ. ఇది శాస్త్రం. నీ చేత కాదంటే చెప్పు, మద్రాసుకు పంపుకుంటా."

మాల్యాద్రి మరను సంచిలో వేసుకుని దిగివచ్చాడు. దారిలో ఎవరో "ఏం మామా, దుర్భిణి ఎంతవరకు వచ్చింది?" అని అడిగితే వాణ్ణి కొట్టబోయాడట.

మే నెల మొదట్లో ఒక మధ్యాహ్నం, కొండలరావు నిద్రపోతున్న వేళ, మాల్యాద్రి ఒక్కడే మిద్దె మీద ఉన్నాడు. మిద్దె మన్ను కాలుతోంది. మరను బిగించే ముందు ఇరుసు తుడుద్దామని గొట్టాన్ని పట్టి ఉంచే పెద్ద స్క్రూ వదులు చేశాడు. అంతే. గొట్టం గిర్రున తిరిగి, దాని వెనక కట్టిన కెమెరా పెట్టె మూల ఆయన కనుబొమ మీద కొట్టింది. అరుపు విని కొండలరావు భార్య లక్ష్మీనరసమ్మ పైకి పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో నాయనా, రక్తం! పట్టుకో, పట్టుకో," అంటూ పసుపు అద్దిన గుడ్డ తెచ్చి ఇచ్చింది.

గుడ్డ నుదుటికి అదిమి పట్టుకుని ఆయన గొట్టం వంక చూస్తూ ఉండిపోయాడు. కెమెరా ఉన్న కొస కిందికి వేలాడుతూ ఇంకా ఊగుతోంది. ఇనప గుండు ఆకాశంలో ఉంది.

"అమ్మా, మరకు ఏ రోగం లేదు. అది పాపం బరువు మోస్తా ఉండాది," అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. ఆయనకు మాత్రం ఏడుపు వచ్చినంత పనైంది. స్క్రూ వదులు చేసి, గొట్టం ఎటు వాలుతుందో ఒక్కసారి చూసి ఉంటే మొదటి రోజే తెలిసేది. గొట్టం తూర్పున ఉంటే మర ఆ అదనపు బరువును పైకి ఎత్తలేక ఆగింది. పడమట ఉంటే ఆ బరువే మరను ముందుకు తోసింది, చుక్క గంతులేసింది. చెడని మరను అన్నిసార్లు విప్పి, దానికి ఉన్న పళ్ళు పోగొట్టింది తనే.

కొండలరావు లేచాక మాల్యాద్రి తూకం సంగతి చెప్పాడు.

"తూకమా?" కొండలరావు నవ్వాడు. "ఇది కోమటి దుకాణంలో తక్కెడ అనుకున్నావా? దొరలు కొలిచి చేసిన సామాను."

"దొరలు కొలిచింది గొట్టం మటుకే. కెమెరా పెట్టె కట్టించింది ఎవరు? గురి చూసుకునేదానికి పైన ఆ చిన్న దుర్భిణి బిగించింది ఎవరు? ఆ గుండు గొట్టానికి సరిపోతాది గాని వీటన్నిటికీ ఏడ సరిపోతాది?"

"కెమెరా ఎంతుంటుంది? రెండు శేర్లు."

"రెండు శేర్లే. చెయ్యి చాపి రెండు శేర్లు పట్టుకొని గంటసేపు నిలబడండి పంతులుగారూ, చూద్దాం."

కొండలరావు ముఖం ఎర్రబడింది. ఉత్తరం దిక్కు కొలిచి ఇరుసును ధ్రువం వైపు వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టుకున్నవాడు. ఆ విషయంలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. అలాంటివాడికి ఒక కమ్మరి కొడుకు తూకం నేర్పడం నచ్చలేదు. "మరను బాగుచెయ్యమన్నాను. అది చూడు," అని లోపలికి వెళ్ళిపోయాడు.

మాల్యాద్రి అదృష్టమో ఏమో, ఆ వారంలోనే కొండలరావు ఒక పొలం హద్దుల తగాదాలో సాక్ష్యానికి గిద్దలూరు పోవలసివచ్చింది. అయిదు రోజుల పని. లక్ష్మీనరసమ్మ మాల్యాద్రిని పిలిపించి, "నువ్వేం చేస్తావో ఆయనొచ్చేలోగా చేసుకో నాయనా. ఇంట్లో ఈ విసుగు నేను పడలేకుండా ఉన్నాను," అంది.

ఊరి బయట పొరలు పొరలుగా విడిపోయే పలకరాయి తెచ్చి, గుండ్రటి బిళ్ళలు కోసి, నడుమ బెజ్జం వేశాడు. గుండు పక్కన ఇరుసుకు ఒక్కో బిళ్ళా తొడుగుతూ పోయాడు. ఏడు బిళ్ళలకు అడ్డ ఇరుసు నేలకు సమంగా నిలబడింది. వదిలితే ఎటూ వాలలేదు. తరవాత గొట్టం నిడివి వెంట తూకం సంగతి. కెమెరా కొస బరువు గనక గొట్టాన్ని దాని పట్టీల్లోంచి ముందుకు జరిపాడు, ఒక బెత్తెడు, మళ్ళీ ఒక అంగుళం వెనక్కి. అదీ నిలబడింది. ఆ పూట సంతోషంగా ఇంటికి పోయాడు.

మర్నాడు గొట్టాన్ని ఆకాశానికి ఎత్తి వదిలితే పక్కకు దొర్లింది.

అడ్డంగా పెడితే నిలుస్తుంది, ఎత్తితే దొర్లుతుంది. బిళ్ళ తీశాడు, పెట్టాడు, సగం బిళ్ళ కోశాడు. ఒక చోట కుదిరితే ఇంకో చోట తప్పింది. మూడో రోజు సాయంత్రానికి చేతిలో ఉన్న బిళ్ళను వీధిలోకి విసిరేశాడు. అది కింద ఎవరి బర్రె మీదో పడి, వాళ్ళతో తగువైంది. తగువు తీర్చుకుని పైకి వచ్చి, గొట్టం కింద వెల్లకిలా పడుకుని చూశాడు. పైన బిగించిన చిన్న దుర్భిణి గొట్టానికి ఒక్క పక్కనే ఉంది. అటువైపు బరువు, ఇటువైపు ఏమీ లేదు. దానికి సరిగ్గా ఎదురుగా గొట్టం అడుగున సీసపు పట్టీ చుట్టాడు.

ఇక గొట్టాన్ని ఎటు తిప్పి వదిలినా, వదిలినచోటే ఉంది. తూర్పుకు, పడమటికి, నడినెత్తికి. చిటికెన వేలితో తోస్తే కదిలింది, వేలు తీస్తే నిలిచింది. మరకు చావి ఇచ్చాడు. రెండు గంటలు ఆడింది. ఆయన అక్కడే మిద్దె మీద గోడకు ఆనుకుని, ఆ చప్పుడు వింటూ కూర్చున్నాడు.

కొండలరావు తిరిగివచ్చి, మర ఆడటం చూసి, "మొత్తానికి మరను బాగుచేశావే," అన్నాడు. మాల్యాద్రి బిళ్ళల సంగతి ఎత్తకుండా పనిముట్లు సర్దుకున్నాడు.

అప్పటికి తోకచుక్క తెల్లవారుజాము వదిలిపెట్టి సాయంత్రానికి మారింది. దాని తోక భూమిని తాకుతుందని, లోకం మునుగుతుందని ఊళ్ళో కొందరు భయపడ్డారు. లోకం మునగలేదు. మరి రెండు రోజులకు పొద్దు గూకగానే పడమట అది మూరెడు తోకతో వెలిగింది. ఆ సాయంత్రం కొండలరావు తాలూకా కచేరీ ఉద్యోగులు నలుగురిని మిద్దె మీదికి పిలిచాడు. మాల్యాద్రి కూడా మెట్ల దగ్గర నిలబడ్డాడు. పలక తెరిచారు. పావుగంట కాకముందే మర ఆగిపోయింది.

"చూశావా! మళ్ళీ అదే రోగం," అన్నాడు కొండలరావు.

మాల్యాద్రి దగ్గరికి పోయి చూశాడు. గొట్టం కొసన, ఇరుసుల మీద చెక్కిన అంకెలు చదువుకోవడానికి ఒక లాంతరు తగిలించి ఉంది. కెమెరా వెనక పాత చట్రం తీసేసి పెద్ద పలక పట్టే కొత్త చట్రం వేశారు.

"లాంతరు ఎవరు తగిలించినారు?"

"నేనే. చీకట్లో ఎలా చదవను? లాంతరు ఎంత బరువని?"

"ఎంత బరువని, ఎంత బరువని! ఎన్నిసార్లు చెప్పేది? చీమ ఎక్కినా దానికి తెలుస్తాది, మీకు తెలియదే! కండ్లుండి కనబడదా మీకు?"

నలుగురి ముందు, అంత గొంతుతో. కొండలరావు మెట్ల వైపు చెయ్యి చూపించి, "దిగు," అన్నాడు.

మాల్యాద్రి దిగాడు. ఆ తరవాత పన్నెండు రోజులు ఊళ్ళో పిల్లా పెద్దా అందరూ పొద్దుగూకగానే వీధుల్లో నిలబడి తోకచుక్కను చూశారు. యర్రగొండపాలెం సంతకు పోయివచ్చేవాళ్ళు బండ్లాపి చూశారు. ఆయన మాత్రం తలుపు వేసుకుని లోపల కూర్చున్నాడు.

"రాయ్యా, ఒక్కసారి చూసిపో. మళ్ళా మన ఎరికలో రాదంట," అని కొండమ్మ పిలిచింది.

"పోనీలే. వచ్చినా రాకపోయినా నాకేంది," అన్నాడు.

జూన్ మొదట్లో ఒక ఉదయం కొండలరావు స్వయంగా బజారుకు వచ్చాడు. దుకాణం ముందు నిలబడి, జేబులోంచి తన గడియారం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదేమో కొంచెం చూడు ఆచారీ."

మాల్యాద్రి మూత తీసి, అద్దం కంటికి పెట్టుకుని చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మూత వేసి వెనక్కి జరిపాడు.

"దీనికేం రోగం లేదు పంతులుగారూ."

"తెలుసు," అన్నాడు కొండలరావు. "గొట్టం నిలబడటం లేదు. నీ బిళ్ళలు తీసి మళ్ళీ పెట్టాను, వరస తప్పింది. ఎటు పెడితే అటు పడిపోతోంది. తోకచుక్క రోజురోజుకీ చిక్కిపోతోంది."

మాల్యాద్రి కంటి అద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "వస్తా. ఒక్క మాట. నేను తూచినాక మీరు చేతిరుమాలు గూడ దాని మీద వెయ్యకూడదు."

"వెయ్యను."

ఈసారి ఏ బరువూ వదల్లేదు. పలక లోపల పెట్టి, ముందు మూత తీసేసి, ఫోటో తీసేటప్పుడు ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంచి తూచాడు. లాంతరు నేల మీద పెట్టించాడు. ఒక్క పూటలో అయిపోయింది. అయిపోయాక మబ్బు పట్టింది.

నాలుగు సాయంత్రాలు మబ్బు. నైరుతి గాలి. కొండలరావు ఒక్కొక్క సాయంత్రం పైకి వచ్చి, ఆకాశాన్ని చూసి దిగిపోయేవాడు. మాల్యాద్రి మాత్రం మబ్బును కూడా తిట్టాడు. ఏం లాభం? అమావాస్య వెళ్ళిన మర్నాడు ఆకాశం తేటపడింది. పడమట తోకచుక్క ఉంది కాని, ఎక్కడుందో వెతుక్కోవలసివచ్చింది. తోక దాదాపు లేదు.

నలభై నిమిషాలు పలక తెరిచి ఉంచారు. మన్ను మిద్దె గనక అడుగు వేస్తే అదురుతుందని ఇద్దరూ నిలబడినచోటు నుంచి కదల్లేదు. మర ఆగలేదు. కొండలరావు గురి తీగలున్న చిన్న దుర్భిణిలో కన్ను పెట్టి, మధ్యలో ఒకసారి, "కదలడం లేదు ఆచారీ, తీగ మీదే ఉంది," అని మెల్లగా అన్నాడు.

వంటింటి పక్క గదిలో పలకను మందునీళ్ళలో కడిగి, ఆరబెట్టి, దీపం ముందు పట్టుకుని చూశాడు కొండలరావు. చాలాసేపు చూశాడు. పలక నడుమ వేలిగోరంత మసక. బట్టతో తుడిచిన మరకలాగా ఉంది.

"ఇదేనా?" అన్నాడు. "ఇంతేనా?"

మాల్యాద్రి పలక అందుకున్నాడు. గడియారాల అద్దం కంటికి పెట్టుకుని, ఆ మసకను కాదు, చుట్టూ ఉన్న చుక్కలను చూశాడు. ఈ మూల నుంచి ఆ మూలకు, ఒక్కొక్కటే.

"గుండ్రంగా ఉండాయి పంతులుగారూ."

"ఏమిటి?"

"చుక్కలు. ఏ ఒక్కటీ సాగలేదు."

"చుక్కలెవరిక్కావాలయ్యా," అన్నాడు కొండలరావు. కోపంగా కాదు, బాగా అలిసిపోయి. పలకను బీరువాలో పెట్టి పడుకోవడానికి వెళ్ళిపోయాడు. పత్రికకు ఏమీ పంపలేదు. మరుసటి ఏడు ఆ దుర్భిణిని నెల్లూరు వకీలు ఒకాయనకు ఇచ్చేశాడు. దాన్ని విప్పి పెట్టెల్లో సర్దింది మాల్యాద్రే. ఆ తరవాత కూడా కొండలరావు ఇంటి గడియారాలు ఆయన దగ్గరికే వచ్చాయి. ఇద్దరూ దుర్భిణి మాట మళ్ళీ ఎత్తలేదట.

అంతా విన్నాక నేను మాల్యాద్రిని అడిగాను, "పంతులుగారి మీద కోపం పోయిందా?" అని.

"ఆయన మీద ఏంది కోపం," అన్నాడు. "లాంతరు తగిలించినందుకు నాలుగు మాటలన్నా, అయిపోయింది. నా మీదే. ఆ స్క్రూ ముందే వదులు చేసుంటే, మూరెడు తోక ఉన్ననాడు పలక మీదికి వచ్చుండేది."

"నలభై దినాలు ఆ మరను విప్పుతానే ఉన్నాడు," అంది కొండమ్మ నాతో.

"యాభైరెండు," అన్నాడాయన, తల ఎత్తకుండా.